రోడ్డు మీద ఇంకాస్త ఉప్పు

ఫిబ్రవరిలో ఒక గురువారం పొద్దున నా కారు నేల ఊడిపోయింది. బడికి వెళ్తున్నాను. పక్కసీటు ముందు కింద పెట్టిన సూప్ ఫ్లాస్కు ఉన్నట్టుండి మాయమైంది. అద్దంలో చూస్తే రోడ్డు మీద దొర్లుతోంది. దాని వెనకే మా టౌను ఉప్పు లారీ. అది మా ఆయన ఆల్డెన్ ఫ్లాస్కు. లారీ ఆగలేదు.

అప్పుడే నాకు జ్ఞానోదయమైంది. ఈస్ట్ హార్లో పౌరులారా, మన రోడ్ల మీద ఉప్పు చాలడం లేదు!

నవ్వకండి. ఆరో తరగతికి సైన్సు చెప్పేదాన్ని, తూచి మాట్లాడతాను. మంచు కురవగానే లారీ ఉప్పు చల్లుతుంది, మంచు కరుగుతుంది, రోడ్డు నల్లగా తేలుతుంది. ఆ ఉప్పునీళ్ళు కారు అడుగున చేరి ఇనుమును తినేస్తాయి. దీన్ని నష్టం అనేవాళ్ళకు దూరదృష్టి లేదు.

ఇదివరకు తుప్పు గురించి చెప్పాలంటే మేకును ఉప్పునీళ్ళలో వేసి, కిటికీలో పెట్టి, వారాల తరబడి కాచుకునేదాన్ని. ఇప్పుడు పిల్లల్ని స్టాఫు పార్కింగుకి తీసుకెళ్తే చాలు. హెడ్మాస్టరుగారి పికప్ ట్రక్కు అంచును ఒకమ్మాయి వేలితో పొడిచి చూసింది. వేలు అవతలికి వచ్చింది. అంత చక్కగా ఏ పాఠ్యపుస్తకం బోధిస్తుంది?

కారు దొంగల బెడద మాకు లేనే లేదు. దొంగ సీట్లో కూర్చుంటే పాదాలు రోడ్డుకు తగులుతాయి. వాడు పరిగెత్తడమే సుఖం! ఇక జింకలంటారా, వాటికి మా కార్లంటే ఎంత ప్రేమో. రాత్రంతా తలుపులకు పట్టిన ఉప్పు నాకి వెళ్తాయి. మా వర్మాంట్ రాష్ట్రంలో ప్రకృతి అందాలు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. మాకు ప్రకృతే ఇంటికొచ్చి బంపరు నాకుతుంది.

సమానత్వం సంగతి చెప్పనే లేదు. హీటర్ పెట్టిన గ్యారేజీ ఉన్న ఆసామి కారు, చలిలో వణికే నా కారు కన్నా ముందే తుప్పు పడుతుంది. వెచ్చదనంలో ఉప్పుకు ఆకలెక్కువ. సంపన్నుల మీద ఇంత శ్రద్ధగా పనిచేసే పన్ను ఇంకొకటుంటే చూపించండి!

ఇంత మేలు చేసే ఉప్పుకు కూడా శత్రువులున్నారు. ఆల్డెన్ వాళ్ళలో ముఖ్యుడు. ఏటా అక్టోబరులో ఆకులు రాలాక, పొడిగా ఉన్న శనివారం చూసి, అట్టముక్క పరుచుకుని కారు కింద దూరేవాడు. ప్రతి అతుకులోకీ, ప్రతి కన్నంలోకీ గొర్రె ఉన్ని జిడ్డుతో చేసిన నూనె కొట్టేవాడు. సాయంత్రం దాకా గొర్రెల మందలా కంపు కొట్టేవాడు. ఆ తర్వాత నన్ను ఎక్కించుకుని, తారు వెయ్యని క్వారీ రోడ్డు మీద దుమ్ము రేపుకుంటూ కొండ చివరి దాకా పోయేవాడు. తడి నూనె మీద దుమ్ము పట్టి పొరలా గట్టిపడాలి. అదే కవచం. ఆ శనివారాల్లో ఊళ్ళో సగంమంది అదే రోడ్డు మీద, ఒకరి దుమ్ములో ఒకరు, చెయ్యి ఊపుకుంటూ కనిపిస్తారు.

"ఇంటికెళ్ళగానే కారు కడిగేస్తాను" అన్నాను, కొత్తగా పెళ్ళయిన ఏడు.

"కడిగావంటే విడాకులే, ఎడ్నా" అన్నాడు. "కిటికీ అద్దం ఎత్తు, ఇంకో రౌండు కొడదాం."

అప్పట్లో దాన్ని షికారు అనుకున్నాను. తర్వాత కారు పని అని అర్థమైంది. ఆ తర్వాత ఎప్పుడో మళ్ళీ షికారు అనే అర్థమైంది.

రెండేళ్ళ కిందటి అక్టోబరులో ఆల్డెన్ అట్టముక్క పరవలేదు. కింద పడుకుంటే మళ్ళీ లేవలేనని డాక్టరుకన్నా ముందు అతనికే తెలుసు. నాకు చెప్పకుండా పక్క ఊరు వెళ్ళి, కారు అడుగంతా నల్లటి రబ్బరు పూత వేయించుకొచ్చాడు. ఒక్కసారి వేస్తే చాలట, ఏటేటా చూసుకోనక్కర్లేదట, గ్యారంటీ ఉందట.

"నువ్వు దాని కింద దూరే పని ఇంకెప్పుడూ ఉండదు" అన్నాడు. ఎంత సంతోషంగా చెప్పాడో.

ఆ తర్వాతి ఏప్రిల్లో పోయాడు.

నేల ఊడిన కారును రాయిస్ తిబో పైకి ఎత్తి చూశాడు. రాయిస్ ఊళ్ళో మెకానిక్. ఒకప్పుడు నా క్లాసులో చివరి బెంచీ. సుత్తితో నల్లపూత మీద ఒక్కటి కొట్టాడు. గుమ్మడికాయ మీద కొట్టినట్టు చప్పుడైంది.

"ఇదెవరు వేయించారు, టీచర్?"

"ఆల్డెన్."

"ఆయనా! ఆయన నూనె మనిషి కదండీ?"

"నేను కింద దూరలేనని."

రాయిస్ టార్చి వేసి అతుకుల వెంట చూశాడు. "పాత తుప్పు మీదే పూసేశారండీ వాళ్ళు. నీళ్ళు పోయే కన్నాలు కూడా మూసేశారు. ఉప్పునీళ్ళు లోపలికి పోయాయి గానీ బయటికి రాలేదు. పైకి నున్నగానే ఉంది, చూడండి. లోపల..." అని ఆగి, "బాగు చెయ్యొచ్చులెండి" అన్నాడు.

"ఎలా?"

"పూతంతా గీకెయ్యాలి. మంచి ఇనుము ఎక్కడ మిగిలిందో చూసి రేకులు అతుకుతా. మళ్ళీ నూనెకే పోదాం. గీకకపోతే మాత్రం వచ్చే శీతాకాలానికి కారుండదు."

పూత వేసిన కంపెనీకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"కారు ఓనర్ మారారు మేడమ్. గ్యారంటీ మొదటి ఓనర్‌కే వర్తిస్తుంది."

"మొదటి ఓనర్ చనిపోయారమ్మా. నేను ఆయన భార్యను."

"అయ్యో, సారీ మేడమ్. అదేనండీ, మారారు కదా."

తర్కంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేనైతే పూర్తి మార్కులు వేస్తాను.

ఊరంతా నాకు సలహా ఇస్తోంది: పాత బండిని వదిలెయ్, కొత్తది కొనుక్కో, ముందుకు సాగు! ఎంత చక్కటి మాట! ఏ వస్తువు మీదా మమకారం పెంచుకోకుండా మనల్ని కాపాడేది ఉప్పే కదా? మనం పారెయ్యలేనివాటిని అదే కరిగించి పారేస్తుంది. శోకంలో ఉన్నవాళ్ళకు ఇంతకన్నా ఆత్మబంధువు ఎవరు?

అందుకే మార్చి మొదటి మంగళవారం, ఊరంతా బడి జిమ్నాజియంలో కూర్చుని ఏడాది ఖర్చులకు చేతులెత్తే టౌను సభలో, లేచి నిలబడ్డాను. రోడ్ల పెద్ద వెర్న్ పెల్కీ అప్పటికే గోడు వెళ్ళబోసుకుంటున్నాడు: "పోయినేడు కాస్త ఉప్పు తగ్గిస్తే ఫోన్లు చేసి నన్ను చంపుకుతిన్నారు మీరు. రోడ్డు తెల్లగా కనబడకూడదు, కారు మాత్రం తుప్పు పట్టకూడదు! నేనేం చెయ్యను, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టనా?"

"ఉప్పు రెట్టింపు చెయ్యాలని ప్రతిపాదిస్తున్నాను" అన్నాను. "మంచు కోసం ఎందుకు ఆగాలి? అక్టోబరులోనే మొదలుపెడదాం. క్వారీ రోడ్డు మీద కూడా చల్లుదాం."

నవ్వుతారని ఆగాను. ఎవరూ నవ్వలేదు.

"బలపరుస్తున్నా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఇంకొకాయన లేచి, క్వారీ రోడ్డుకి చెయ్యాల్సిన న్యాయం ఇన్నేళ్ళకు జరుగుతోందన్నాడు. అధ్యక్షురాలు హెస్టర్ డ్రౌన్ ఓటుకు పెట్టింది. జిమ్ పైకప్పు అదిరేలా "అవును!" అన్నారు. "కాదు అనేవాళ్ళు?" అని హెస్టర్ అడిగినప్పుడు ఒక్క గొంతు వినిపించింది. అది నాదే. సొంత ప్రతిపాదనకు నేనే అడ్డం పడ్డానని సభ రికార్డులోకి ఎక్కింది.

భోజనాల దగ్గర వెర్న్ బీన్స్ ప్లేటు పట్టుకుని వచ్చి నా భుజం తట్టాడు. "థాంక్స్ టీచర్. మీరు మా పక్షమని అనుకోలేదు."

కాబట్టి వచ్చే అక్టోబరులో క్వారీ రోడ్డు మీద దుమ్ము లేవదు. ఉప్పుకు రోడ్డు చెమ్మగిల్లుతుంది. నూనె కొట్టిన కార్లు ఎక్కడికి పోతాయో మీరే ఆలోచించుకోండి. అభినందనలు!

నా కారు రాయిస్ షెడ్డులో పైకెత్తే ఉంది. గీకే పరికరం దాని కిందే పెట్టాడు. నాలుగుసార్లు ఫోన్ చేశాడు, తొందరేం లేదంటూనే. దాన్ని బతికించాలంటే ముందు ఆల్డెన్ నాకోసం చేసిన ఆఖరి పనిని గీకెయ్యాలి.

గీకమని రాయిస్‌కి నేనింకా చెప్పలేదు.