దయచేసి మా డిమాండు తీర్చకండి

ఈ కాలపు కుర్రకారుకు తలా ఒక ఉద్యమం ఉండటం తప్పనిసరి అయిందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. మునుపు ఇంటికొచ్చిన చుట్టాలు "ఏం చదువుతున్నావు?" అని అడిగేవారు. ఇప్పుడు "దేనిమీద పోరాడుతున్నావు?" అంటున్నారు. పాపం, మన ఉరుము దగ్గర జవాబు లేదు.

ఉరుము అనేది వీధి పెట్టిన పేరు. ఆ అబ్బాయికి మెల్లగా మాట్లాడటం చేతకాదు. అంతకుమించిన అర్హతలు అప్పటికింకా లేవు. ఉద్యమాల్లో చెట్లను పెదనాన్న కూతురు తీసేసుకుంది. వీధికుక్కల్ని పైవాటా కుర్రాడు ఎగరేసుకుపోయాడు. సముద్రం మిగిలింది గానీ, అది ఊరికి బాగా దూరం. తానెవరో తెలియకుండానే వయసు దాటిపోతుందేమోనని అతనికి నిజంగానే బెంగ పట్టుకుంది.

ఆ దశలో నాయనమ్మ ఆదుకుంది. మోకాళ్ళ నొప్పులకు ఆవిడ రోడ్డవతలి ఆస్పత్రికి వెళ్ళాలి. లారీలు ఆగవు. కర్ర పట్టుకుని రోడ్డంచున నిలబడి నిలబడి ఇంటికి తిరిగొచ్చేది.

"ఒరేయ్, కాస్త చెయ్యి పట్టుకుని దాటించరా" అంది.

"వ్యక్తిగత సాయాలతో వ్యవస్థ మారదు నాయనమ్మా!" అన్నాడు ఉరుము. అన్నాక అదే మాట ఇంకోసారి, ఇంకా గట్టిగా అన్నాడు. తానెవరో తెలిసిపోయింది.

"అది మారేలోగా నా మోకాళ్ళు అరిగిపోతాయి కదరా" అందావిడ. అప్పటికే అతను గుమ్మం దాటేశాడు.

సిగ్నల్ దీపాల సాధన సమితి వెలిసింది. జెండా రంగు దగ్గర చీలి, టీ దగ్గర మళ్ళీ కలిసింది. ఉరుము గడ్డం పెంచాడు. దీక్షకు డేరా, అరెస్టుకు ముతక చొక్కా, విడుదలకు ప్రసంగం అన్నీ సిద్ధమయ్యాక, మర్యాద కోసం ఒక వినతిపత్రం పట్టుకుని రోడ్ల శాఖ అధికారి గదిలోకి వెళ్ళాడు.

అధికారి చదివాడు. "న్యాయమే బాబూ. దీపాలు స్టోరురూములో ఊరికే పడున్నాయి. రేపు పొద్దున్నే పెట్టించేస్తా" అన్నాడు.

ఉరుముకు కాళ్ళకింద నేల కదిలింది. "ఇంత అన్యాయమా సార్!"

"ఒప్పుకున్నానుగా?"

"అదే సార్ అన్యాయం! మేమింకా మొదలే పెట్టలేదు. కొన్నాళ్ళు కుదరదనండి, మీకు పుణ్యముంటుంది." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రేపే దీపం వెలిగిపోతే ఇక నేనెవర్ని సార్?"

అధికారి మెత్తబడ్డాడు. తానూ ఒకప్పుడు ఇదే ఆఫీసు గేటు ముందు అడ్డంగా పడుకున్నవాడే. ఆ పడుకోవడం వల్లే లోపలి కుర్చీ దొరికింది. ఎదుగుతున్న కుర్రాడి భవిష్యత్తు పాడుచేయడం ఇష్టంలేక, కాగితం మీద "ససేమిరా వీల్లేదు" అని రాసి, భుజం తట్టి పంపాడు.

తదుపరి కార్యక్రమాలు సజావుగా జరిగాయి. ఉరుము దీక్షలో చిక్కిపోయాడు, అరెస్టయ్యాడు, విడుదలయ్యాడు. అతని ఫొటో గోడలకెక్కింది. మొండిఘటమని పేరొచ్చిన అధికారికి ప్రమోషనొచ్చింది. దీపాలు కూడా స్టోరురూములోంచి కదలకుండా తమ పూర్తి సహకారం అందించాయి. చుట్టాలిప్పుడు ఏ ప్రశ్నా అడగటం లేదు, పక్కన నిలబడి ఫొటో దిగుతున్నారు.

చివరికి ఉరుముకు ఘనసన్మానం ఏర్పాటైంది. హాలు రోడ్డుకు అవతల.

"ఈ పోరాటానికి ఊపిరి మా నాయనమ్మ!" అని మైకులో ఉరిమాడతను వేదిక మీద. "ఆవిడ ఎక్కడున్నా వచ్చి నా పక్కన కూర్చోవాలి!" పక్కనే ఆవిడకోసం వేసిన కుర్చీ ఖాళీగా కనిపించేసరికి అతని గొంతు నిజంగానే పూడుకుపోయింది. సభకు అది ఎంతో నచ్చింది.

ఆవిడ ఎప్పుడూ ఉండేచోటే ఉంది. ఉతికిన బట్టలు కట్టుకుని, కర్ర పట్టుకుని, రోడ్డుకు ఇవతల.

"వస్తున్నా ఉండరా, ఈ లారీ పోనీ" అంది.

హాల్లో చోటు చాలక మనమంతా ఆవిడ పక్కనే నిలబడి వింటున్నాం. ఆవిడ మనవైపు చెయ్యి చాచింది కూడా. పట్టుకుందామనే అనుకున్నాం. కానీ ఏం చేస్తాం, మన చేతులు రెండూ చప్పట్లు కొడుతున్నాయి.