అడవిలోకి వచ్చిన టేకు

నవత వేసుకున్న ప్లాను తేలికైనదే. తెల్లవారుజామున నాలుగింటికి కరీంనగర్‌లో బండి కదలాలి. తొమ్మిదిన్నరకు బోథ్ చేరాలి. పదకొండు ఇరవైకి పద్మలత టీచర్ స్థలంలో దర్వాజ, అంటే కొత్త ఇంటి ద్వారబంధం, ఎత్తాలి.

ఐదేళ్లుగా ఆమె ఒక ఆఫీసులో కూర్చుని ఇతరుల డూప్లెక్సుల్లో మెట్ల కింద బాత్రూములు గీసింది. ఆర్కిటెక్టుగా తాను సొంతంగా గీసి కట్టిస్తున్న మొదటి ఇల్లు ఇదే, పద్మలత కోసం. మూడువందల ఇరవై చదరపు అడుగులు. రెండు ఇప్పచెట్ల మధ్య, ఎనిమిది రాతి కాళ్ల మీద, మొత్తం కట్టెతో నిలబడుతుంది. కొత్తగా ఒక్క చెట్టూ నరికే పని లేదు. హుజూరాబాద్‌లో కూల్చిన పాత బంగ్లా టేకు కొని, అటవీ శాఖ పర్మిట్ కూడా తీసుకుంది.

చిక్కంతా ముహూర్తంతోనే. మర్నాటి నుంచి ఆషాఢం. రిటైరైన హెడ్మాస్టర్ పద్మలత ముందే తేల్చి చెప్పింది. "ముహూర్తం మాత్రం ఖాళీ పోనియ్య. నీ దర్వాజ రాకపోతే గదే టైముకు స్లాబు ఇంటికి మేస్త్రితోని పునాది ముగ్గు పోయిస్త." ఆ మేస్త్రి పొద్దున్నే జేసీబీతో, ముగ్గు సంచితో వచ్చి కూర్చున్నాడట. అతని ప్లానులో ఇప్పచెట్లు లేవు.

ఎనిమిది నలభై. బోథ్ ఇంకా ఇరవై కిలోమీటర్లు ఉందనగా అటవీ శాఖ చెక్‌పోస్టు గేటు దిగింది.

సెక్షన్ ఆఫీసర్ అంబదాస్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. నమ్మకం కుదరక మళ్లీ తిరిగాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో అడవి నుంచి బయటకు పోయే టేకును చాలాసార్లు పట్టుకున్నాడు. అడవిలోకి వచ్చే టేకును చూడటం ఇదే మొదలు.

"అరె బాబా, టేకు గిటు వస్తుందేంది? డ్రైవర్, తొవ్వ తప్పినవా?"

"లేదు సార్, బోథ్‌కే," అన్నాడు డ్రైవర్ మల్లన్న.

నవత పర్మిట్ అందించింది. అంబదాస్ గట్టిగా చదివాడు. "కూల్చిన ఇంటి పాత టేకు. రంగు నలుపు. ఒంటినిండ మొలల రంధ్రాలు." తర్వాత టార్పాలిన్ లేపాడు.

నవత వంగి చూసింది. కట్టె బంగారంలా మెరుస్తోంది. నలుపు లేదు. రంధ్రం లేదు. అద్దంలా నున్నగా ఉంది.

ఆమె మెల్లగా వడ్రంగి కొమురెల్లి వైపు తిరిగింది. "కాకా, ఏం జేసినవ్?"

అరవై ఏళ్ల కొమురెల్లి మీసం దువ్వాడు. "రంద పట్టి నున్నగ తీసిన బిడ్డా. నాలుగు దినాలు పట్టింది. కొత్త ఇంటికి పాత దర్వాజ పెడితే ఆడబిడ్డలు నవ్వరా? టీచరమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది. మొల పోటు ఒక్కటి కండ్లవడొద్దన్నది. అన్ని పూడ్చిన."

"నాకు చెప్పకుండనా?"

"చెప్తే వద్దంటవని."

అంబదాస్ కళ్లు చిన్నవయ్యాయి. కాగితంలో పాత కలప. బండిలో కొత్త కలప. పైగా ప్రతి ముక్క మీదా సుద్దతో ఏవో గుర్తులు.

"తూ-మూడు అంటే ఎవరు?"

"తూర్పు గోడ సార్. మూడో ముక్క."

"ప-ఐదు?"

"పడమర గోడ."

"అన్నీ గోడలేనా? మనుషుల పేర్లు చెప్పవన్నట్టు!" ఆయన బుర్రలో పెద్ద కథ అల్లుకుపోతోంది. పాత కలప పేరుతో పర్మిట్. ఆ పర్మిట్ మీద కొత్త కలప రవాణా. లోపల ఒక స్థావరం. అక్కడి నుంచి మహారాష్ట్ర. "ఓనర్ నంబరియ్యి. మేమే అడుగుతం."

నవతకు ప్రాణం లేచొచ్చింది. పద్మలత ఒక్క మాట చెబితే చాలు. ఫోన్ స్పీకర్లో మోగింది.

"టీచరమ్మా, ఫారెస్ట్ నుంచి. మీ ఇంటికి వస్తున్న కట్టె పాతదా, కొత్తదా?"

అవతల పద్మలత వెనక హుస్నాబాద్ నుంచి వచ్చిన ఆడబిడ్డ శంకరవ్వ గొంతు వినిపించింది. "ఏమంటుండు వదినె? పాతదంటుండా?"

పద్మలత గొంతు పెంచింది. "పాతదేంది సార్? మా ఇంటికి పాత కట్టె ఎందుకు తెస్తం? అచ్చంగ కొత్త టేకు! కోసి నెల సుత కాలే!"

ఫోన్ పెట్టేసింది.

తొమ్మిది నలభైకి ఆదిలాబాద్‌కు సమాచారం వెళ్లింది. కేసు నంబరు పడింది. మల్లన్న తాళం చెవి అంబదాస్ జేబులోకి పోయింది.

"కాకా," నవత కొమురెల్లి చెయ్యి పట్టుకుంది. "ఒక్క రంధ్రం తీసి చూపించు. ఒక్కటి చాలు."

కొమురెల్లి ఉలి పట్టుకుని బండెక్కాడు. దర్వాజ మీద చెయ్యి తడిమాడు. కళ్లజోడు సవరించుకున్నాడు. మళ్లీ తడిమాడు.

"యాడున్నయో నాకే తెలుస్తలేదు బిడ్డా. గట్ల పూడ్చిన."

పది అయింది. ఒకచోట చెక్కాడు. గట్టి కట్టె. ఇంకోచోట చెక్కాడు. అదీ గట్టి కట్టే. అంబదాస్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. "కానియ్యి పెద్దాయనా. నెలనాటి టేకు మంచిగనే తెగుతది."

ఆ మాట కొమురెల్లికి తగిలింది. నలభై ఏళ్ల చేతిపనిని తానే పాడుచేసుకుంటున్నాడు, పైగా ఈ మాటలు. పళ్లు బిగించి దర్వాజ పై అడ్డకట్టె మీద ఉలి పెట్టి కొట్టాడు. జిగురుతో ముద్ద చేసిన రంపపు పొట్టు ఊడింది. లోపల నల్లటి గుంట. గుంటలో విరిగిన మొల, నాలుగు పలకలది, తుప్పుతో ఎర్రబడి ఉంది.

అంబదాస్ దాన్ని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశాడు. "గిది మా తాతల నాటి మొల."

"మరి వదిలేయండి సార్. పదీ ఇరవై అయింది."

"నంబరు పడ్డదమ్మా. కొట్టేయాలంటే పైకి రాయాలె. మూడు నెలలు పడుతది. గప్పటిదాక కట్టె జప్తులో ఉండాల్సిందే."

నవత బండి టైరుకు ఆనుకుని కూలబడింది. ముగ్గు సంచి మూతి విప్పుతున్న మేస్త్రి కళ్లముందు కనిపించాడు.

అంబదాస్ కూడా సంతోషంగా లేడు. చెక్‌పోస్టు షెడ్డు వైపు దిగులుగా చూశాడు. "పోయినసారి జప్తు చేసిన కట్టె గా షెడ్డులనే పెట్టిన. సగం చెద తిన్నది, సగం వానకు పోయింది. నాకు రెండు మెమోలు వచ్చినయి. ఈసారి ఎవరికన్న జిమ్మా ఇచ్చి, వాళ్ల కాడ భద్రంగ పెట్టియ్యాలె. కాని జిమ్మా తీసుకునేటోళ్లకు సరైన జాగ ఉండాలె గద! నేల తగలొద్దు. వాన తగలొద్దు. గాలి ఆడాలె. చెద ఎక్కొద్దు."

నవత తల ఎత్తింది. లేచింది. బ్యాగులోంచి ఇంటి నక్షా తీసి అంబదాస్ జీపు బానెట్ మీద పరిచింది.

"సార్, గిదే జాగ. నేలకు రెండున్నర అడుగుల ఎత్తు. రాతి కాళ్లకు చెద ఎక్కకుండ రేకు టోపీలు. నాలుగు దిక్కుల చూరు. గోడల మధ్య నుంచి గాలి."

అంబదాస్ తల అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. "గిది ఇల్లు గదమ్మా?"

"కట్టెను పండుకోబెట్టి దాచాలని రూల్ల ఉన్నదా సార్? నిలబెట్టి దాస్తం."

ఆయన రూలు పుస్తకం తీశాడు. రెండు పేజీలు తిరగేశాడు. నిలబెట్టకూడదని ఎక్కడా లేదు.

పదకొండు పదికి ముందు జీపు, వెనక బండి పద్మలత స్థలంలోకి దూసుకొచ్చాయి. మేస్త్రి అప్పటికే మొదటి గీత పోస్తున్నాడు. పసుపు గిన్నె పట్టుకున్న శంకరవ్వ నోరు తెరిచి నిలబడిపోయింది.

"ఆగండి!" అంబదాస్ కాగితం పట్టుకుని అందరి ముందూ చదివాడు. "జిమ్మానామా. పాడుబడ్డ బంగ్లా నుంచి తీసిన సదరు పాత కలపను, రెండు ఇప్పచెట్లు హద్దులుగా గల స్థలంలో భద్రపరచుటకు..."

పద్మలత దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "సార్, జర గా 'పాత' అన్న మాట తీసేయరాదా?"

"తీసేస్తే కొత్తదైతది మేడం. కొత్తదైతే మీరు జైలుకు పోతరు."

పదకొండు పదిహేడు. పద్మలత ఆడబిడ్డను చూసింది. జేసీబీ పళ్లను చూసింది. నవతను చూసింది. ముప్పై ఏళ్లు పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పిన మనిషి కలం అందుకుంది.

"పాతదే వదినె," అంది శంకరవ్వతో. "నేనే దాచిపెట్టిన." జిమ్మానామా మీద సంతకం పెట్టింది.

శంకరవ్వ దర్వాజను తట్టింది. జీపును చూసింది. మూతి ముడిచింది. "మా కొత్త దర్వాజ ఎత్తిన నాడు ఆటో సుత రాలే. గీమె పాత దర్వాజకు సర్కారు జీపొచ్చింది!" ఆమె పసుపు రాయడం మొదలుపెట్టింది.

పదకొండు ఇరవైకి దర్వాజ లేచింది.

మేస్త్రి సంచి మూతి కట్టుకుంటూ పద్మలతను పక్కకు పిలిచాడు. "శ్రావణంల మనసు మారితే చెప్పు టీచరమ్మా, ఒక్క గంటల పడగొడ్త."

"కేసు తేలేదాక కట్టె కదిలిందో, హద్దు చెట్లు కదిలినయో," అన్నాడు అంబదాస్, "మొదలు నిన్నే లోపలేస్త."

మూడు నెలలన్న కేసుకు ఏడాది దాటింది. అంబదాస్ నెలకోసారి తనిఖీకి వచ్చి, చాయ్ తాగి, రిజిస్టరులో రాస్తున్నాడు: "జప్తు కలప క్షేమం. లోపల మనుషులు కాపురం ఉంటున్నారు."