మంత్రిగారు ఊదిన మెషిను

"తాగి బండి నడిపినవాడు నా సొంత తమ్ముడైనా సరే, లోపల వేయించి తీరతాను. సిఫార్సుల కోసం ఎవరూ నా గడప తొక్కవద్దు" అని రవాణా మంత్రిగారు రోడ్డు భద్రతా వారోత్సవాల సభలో ప్రకటించారు. మంత్రిగారికి తమ్ముళ్ళు లేరు. అయినా అంతటి త్యాగానికి సిద్ధపడ్డందుకు సభ పులకించిపోయింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు ఆయన పి.ఎ. అది అతని ఉద్యోగంలో భాగం.

చప్పట్లు ఆగకముందే పి.ఎ. ఫోను మోగింది. మంత్రిగారి ప్రాణస్నేహితుడు, ఊరంతా సిమెంటు బావ అని పిలుచుకునే వ్యాపారి, పట్టపగలు తాగి కారు నడుపుతూ పోలీసులకు దొరికిపోయాడట. పి.ఎ. వెళ్ళి ఆ ముక్క మంత్రిగారి చెవిన వేశాడు. ఆయన మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, జనానికి చిరునవ్వు చూపిస్తూనే అన్నారు.

"సాయంత్రానికి బావ బయటుండాలి. లేకపోతే నువ్వు మళ్ళీ గోడౌన్ల శాఖలో ఉంటావు."

ఆ శాఖలో పి.ఎ. ఏళ్ళ తరబడి ఎలకలతో కాపురం చేసి వచ్చినవాడు. పైగా అతను మంత్రిగారి మనిషని భార్య చుట్టపక్కాలందరికీ చాటుకుంది. తమ్ముడి కొడుక్కి కాలేజీ సీటు ఇప్పిస్తానని మాట కూడా ఇచ్చేసింది. అతను స్కూటరెక్కి స్టేషనుకు పరుగెత్తాడు.

అక్కడ సిమెంటు బావ ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. నిందితుడికి ఇంత మర్యాద దక్కే పోలీసు వ్యవస్థ మనకున్నందుకు ఎవరైనా గర్వపడాల్సిందే.

"కారు ఆగి ఉందని రాసుకోండి" అన్నాడు పి.ఎ.

"ఆగే ఉంది సార్. డివైడరెక్కి, లైటు స్తంభాన్ని వాటేసుకుని ఆగింది."

"పోనీ, డ్రైవరు నడిపాడని రాయండి."

"డ్రైవర్ని అంతకుముందే దింపేశారట సార్. సిగ్నల్ దగ్గర ఆపాడని."

"అయితే దగ్గు మందు తాగారని రాసెయ్యండి."

సిమెంటు బావకు చిర్రెత్తుకొచ్చింది. "దగ్గు మందేంటోయ్! నేను తాగింది ఫారిన్ సరుకు. నలుగురిలో నా పరువు తియ్యకు!"

ఇక మిగిలింది తాగిందీ లేనిదీ ఊదించి తేల్చే మెషినే. బావను పట్టుకున్న మహిళా కానిస్టేబులు దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. "కొత్తది సార్. మొన్ననే మంత్రిగారు రిబ్బను కత్తిరించారు" అంది.

ఇన్‌స్పెక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చుక్క ముట్టని పెద్దమనిషి ఎవరైనా ఊది, అప్పుడు కూడా ఇది తాగినట్టు చూపిస్తే, మెషిను తప్పని రాసేస్తాను సార్."

పి.ఎ. ముఖం వెలిగిపోయింది. మద్యం వాసన ఎలా ఉంటుందో కూడా తనకు తెలియదని ప్రతి సభలోనూ చెప్పుకునే మంత్రిగారికంటే పెద్దమనిషి ఎక్కడ దొరుకుతాడు? సభ కాగానే ఆయన గెస్ట్‌హౌస్‌లో విశ్రాంతి తీసుకుంటారు. ఆ విశ్రాంతికి కావలసిన సీసాలూ సోడాలూ పంపేది పి.ఎ.యే కాబట్టి, ఫలితం గురించి అతనికి బెంగలేదు.

పి.ఎ. ఫోను అందుకుని మంత్రిగారు గెస్ట్‌హౌస్ నుంచి విలేకరులను వెంటబెట్టుకుని వచ్చారు. "యంత్రాల దౌర్జన్యం నుంచి సామాన్యుణ్ణి కాపాడటానికి నేనే ఊదుతాను" అని ఊదారు. మెషిను కెవ్వుమంది. అంకె సిమెంటు బావ అంకెను దాటిపోయింది.

"చూశారా! నన్నే తాగుబోతంటోంది!" అన్నారు మంత్రిగారు. పి.ఎ. చప్పట్లు కొట్టాడు. సిమెంటు బావ కళ్ళనీళ్ళతో ఆయన్ను కౌగిలించుకుని, "ఎందులోనైనా నువ్వు నాకంటే ఒక మెట్టు పైనే బావా" అన్నాడు.

అంతటితో పోయేదే. ఒక విలేకరికి బుద్ధి పుట్టింది. "ఇంకొక్కరు ఊదితే ఎవరికీ అనుమానం ఉండదు సార్. మీ పి.ఎ.గారు ఊదుతారా?"

పి.ఎ. జన్మలో తాగి ఎరగడు. ఆ సీసాల మూత వాసనకే అతనికి తలనొప్పి వస్తుంది. కాదంటే అనుమానం, ఊదితే గండం. అందరూ చూస్తుంటే తప్పక ఊదాడు. మెషిను కిమ్మనలేదు. సున్నా.

పి.ఎ. కళ్ళ ముందు గోడౌన్లు కదిలాయి. మంత్రిగారు మాత్రం గొంతు సవరించుకున్నంత సేపే తీసుకున్నారు. ఆప్యాయంగా అతని భుజం మీద చెయ్యి వేశారు.

"చూశారా? పొద్దున్నుంచీ తాగి తూలుతున్నవాడికి సున్నా! ఈ మెషిను పనికిమాలిందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?"

"నిజమా సార్?" అని విలేకరి పి.ఎ.ను అడిగాడు.

భుజం మీది చెయ్యి కాస్త బిగిసింది.

"నిజమేనండీ" అన్నాడు పి.ఎ. "ఇవాళ కొంచెం ఎక్కువే అయింది."

"ఏదీ, ఒకసారి నడవండి" అన్నాడు కెమెరా అతను. పి.ఎ. నడిచాడు. నిటారుగా నడిచాడు. తూలడం అతనికి చేతకాలేదు. సిమెంటు బావకు జాలేసి, లేచి వచ్చి స్వయంగా నేర్పాడు. "మోకాళ్ళు వదిలెయ్యవోయ్. గోడను నమ్ముకో. ఆఁ, అదీ!" పి.ఎ.కు అవమానంతో ఏడుపు ముంచుకొచ్చింది. అది కెమెరాలో చాలా సహజంగా వచ్చింది.

కేసు కొట్టేశారు. సిమెంటు బావ తాళాలు తీసుకుని, బంపరు వేలాడుతున్న కారులో స్టీరింగు ముందు కూర్చున్నాడు. మంత్రిగారు పక్కన కూర్చుని జనానికి చెయ్యి ఊపారు. ఇన్‌స్పెక్టరు శాల్యూట్ కొట్టాడు. కారు డివైడరును ఈసారి కొద్దిగా మాత్రమే రాసుకుని వెళ్ళిపోయింది.

పి.ఎ. కళ్ళు తుడుచుకుని తన స్కూటరు దగ్గరికి నడిచాడు. తాళం పెట్టబోతుంటే మహిళా కానిస్టేబులు పరుగున వచ్చి, మొహమాటపడుతూనే తాళం చెవి అతని చేతిలోంచి తీసేసుకుంది.

"వద్దు సార్. తాగి బండి నడపకూడదండి."