శబ్దం లేని ఫ్యాక్టరీ పక్కన కచేరీ

నిశ్శబ్దం ప్రభుత్వ ఆస్తి. ఈ సంగతి ఏ చట్టంలో ఉందో నాకు తెలియదు గానీ, బేతంచెర్లలో నలుగురి ముందర పాట వాయించాలనుకున్నవాడికి మొదటిరోజే తెలిసిపోతుంది.

లేవి, హనుమేష్ మా వీధివాళ్లే. లేవి చర్చిలో గిటారు నేర్చుకుని, దాన్ని ఇనుపరేకు గీకినట్టు వాయించే మెటల్ సంగీతంలోకి దిగినాడు. హనుమేష్ కీబోర్డు మీద సింథ్‌వేవ్ వాయిస్తాడు. అంటే పాత దెయ్యాల సినిమాలో తలుపు తనంతట తాను తెరుచుకునేటప్పుడు వచ్చే మోత, కాకపోతే తాళం తప్పకుండా. ఇద్దరూ కలిసి ‘ఎర్రకన్ను’ అని పేరు పెట్టుకుని, సొంతూర్లో మొదటి కచేరీకి అనుమతి అడిగినారు.

లేవికి పేరు మీద యావ లేదు. వాళ్లమ్మ కృపమణమ్మ వయసంతా వీధి చివరి నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో మిషన్ పక్కన నిలబడి చెవులు పోగొట్టుకునింది. కొడుకు వాయించింది ఇంతవరకు వినలేదు. పెద్ద స్పీకర్లు పెట్టి గట్టిగా వాయిస్తే వినపడొచ్చని డాక్టరు అన్నాడు. వాడి ఆశంతా అదే.

శబ్ద నియంత్రణాధికారి వీరభద్రప్ప శానా మర్యాదస్తుడు. కుర్చీలు వేయించి, ఏ కేటగిరీ అని అడిగినాడు. ఆయన దగ్గర ఉన్నవి పెళ్లి, జాతర, ఊరేగింపు, ఎన్నికలు. మాది మనుషులను భయపెట్టే సంగీతం సార్ అని హనుమేష్ వినయంగా చెప్పినాడు. ఆ పని వివిధ శాఖలు చక్కగా చేస్తుండగా ప్రైవేటు వ్యక్తులు ఎందుకని సారుకు సందేహం వచ్చింది. (న్యాయమైన సందేహమే.) చివరికి ‘జాతర, దేవుడు లేనిది’ అని రాసుకున్నాడు.

తనిఖీకి మీటరు పట్టుకుని తానే వచ్చినాడు. స్థలం చర్చి వెనక ఖాళీ జాగా, పక్కనే ఆ ఫ్యాక్టరీ. మీటరు ఆన్ చేయగానే ముల్లు చివరిదాకా పోయి ఆగింది. ఇంకా వైర్లే తగిలించలేదని, ఆ మోత ఫ్యాక్టరీదని లేవి గొంతు చించుకుని చెప్పినాడు. సారు కూడా అంతే గట్టిగా అరిచినాడు.

"ఫ్యాక్టరీకి నిశ్శబ్ద ధ్రువపత్రం ఉండాదప్పా. ఏటేటా నేనే సంతకం పెడతాండా."

కాబట్టి ఆ మోత దరఖాస్తుదారులదేనని తేలింది. వైర్లు తగిలించకముందే ఇంత మోగేవాళ్లు తగిలిస్తే ఏం చేస్తారోనని సారు నిజంగానే బెదిరినాడు. (ఎర్రకన్ను భయపెట్టిన మొదటి శ్రోత ఆయనే.)

ఒక గంట మిషన్లు ఆపించండని బతిమాలితే, మోగని మిషన్‌ను ఆపమని నోటీసు ఎట్లా ఇచ్చేదన్నాడు. కృపమణమ్మ చెవుల మాట ఎత్తితే, ఆ పత్రం ప్రకారం ఆమె చెవులు బాగుండాయని, నష్టపరిహారం అడిగినప్పుడే ఆ సంగతి తేల్చేసినామని గుర్తుచేసినాడు. పక్కన నిలబడిన నాకు ఒళ్లు మండింది. లేవి మాత్రం మెల్లగా అన్నాడు.

"మా యమ్మ ఒక్క పాట వినాల సార్. అంతే."

సారు కరిగిపోయినాడు. ఫ్యాక్టరీ మోత పోను మిగిలిన శబ్దమంతా ఎర్రకన్నుకే మంజూరు చేసినాడు. అది ఇంట్లో ఫ్యాను తిరిగినంత. కృపమణమ్మకు ముందు వరసలో కుర్చీ కూడా రాసిచ్చినాడు.

కచేరీ సాయంత్రం జరిగింది. నల్లంగీలు, ఎర్రలైట్లు, పొగకు బదులు ఫ్యాక్టరీ నుంచి ఉచితంగా వచ్చే రాతిదుమ్ము. లేవి జుట్టు విదిలించి, మోకాళ్ల మీద పడి, చెమటలు కారేలా వాయించినాడు. పక్కన మిషన్లు నిశ్శబ్దంగా గర్జిస్తానే ఉండాయి. కృపమణమ్మ చర్చికి కట్టుకునే తెల్లచీరలో, రెప్ప వేయకుండా కొడుకునే చూస్తా కూర్చునింది. చివరి పాట కూడా అయిపోయింది. వాడు దిగొచ్చి ఆమె ముందర కూర్చున్నాడు. చెవులు వినపడనివాళ్లకు తమ గొంతు ఎంతో తెలియదు కదా, ఆమె వీధంతా వినపడేలా అడిగింది.

"ఇంగ ఎప్పుడు మొదలుపెడతావు నాయనా?"



ఫ్యాక్టరీ మోత తీసేసి లెక్కేస్తే, ఆ సాయంత్రం పరిమితి దాటిన శబ్దం ఆమె అడిగిన ఆ మాటొక్కటే. నోటీసు కృపమణమ్మ పేరు మీద వచ్చింది. విచారణలో పేరు పిలిచినప్పుడు వినపడలేదంటే ఒప్పుకునేది లేదని కింద ప్రత్యేకంగా రాసినారు.