అద్దెకు తెచ్చిన వాన

ఆదివారం పొద్దున అన్సెల్మ్ పెట్టుకున్న పనల్లా ఒక్కటే. సంతకు వెళ్ళి ఉల్లికాడలు కొనుక్కుని, సూపు కాచుకు తాగి, సాయంత్రం దాకా పడుకోవడం. ఆయన పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళ నోట్లో దూది ఉన్నంతసేపూ గలగలా మాట్లాడగలడు. వాళ్ళు తిరిగి మాట్లాడే వీలున్న చోట, ముఖ్యంగా ఆడవాళ్ళ ముందు, నాలుక పిడచకట్టుకుపోతుంది. యాభై ఏళ్ళకూ బ్రహ్మచారిగా మిగిలింది అందుకే.

పారిస్ మీద ఆ వేళ ఎండ వెన్నలా పరుచుకుంది. సంతనుంచి తిరిగి వస్తూ కాలువ వంతెన దగ్గరికి చేరేసరికి జోరున వాన. ఇటూ ఎండే, అటూ ఎండే, వంతెన మీద మాత్రం వాన! కలగంటున్నానేమోనని ఆయన నిలబడిపోయాడు. ఇంతలో చెవికి మైకు తగిలించుకున్న ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"బూడిదరంగు కోటు! హమ్మయ్య, వచ్చారా! ఎక్కడికి పోయారండీ ఇంతసేపూ?"

"నేను... ఉల్లికాడలకని..."

"బాగున్నాయి, చేతిలోనే ఉంచండి. అనుకోకుండా కలిసినవాళ్ళ ప్రేమకథలు ఆరు కలిపి ఒక సినిమా. గుర్తుందిగా? మీది మూడోది. ఎర్రకోటావిడ వస్తుంది, గొడుగు పట్టండి. మాటలు రాయలేదు, మనసులో ఉన్నదే చెప్పండి."

"అమ్మాయ్, నేను నటుణ్ణి కాను!"

"అబ్బ, అప్పుడే పాత్రలోకి దిగిపోయారే!" అంటూ ఒక గొడుగు చేతికిచ్చి ఆయన్ని వానలోకి తోసింది.

ఎర్రకోటావిడ గొడుగు కిందకు దూరింది. ఆవిడ కనురెప్పల మీద చినుకులు మెరుస్తున్నాయి. 'నటి కదా, ఏం చెప్పినా రేపటికి మరిచిపోతుంది' అనుకోగానే అన్సెల్మ్ నాలుక విడివడింది.

"ఇంట్లో గోడగడియారం తప్ప నన్ను పలకరించే దిక్కు లేదండీ."

"రోజూ సగం ఊరు నా వెనక కూర్చుంటుంది," అందావిడ మెల్లగా. "పక్కన మాత్రం ఒక్కరూ కూర్చోరు."

కెమెరా వెనక డైరెక్టరు కళ్ళు తుడుచుకుని "మళ్ళీ!" అన్నాడు. మళ్ళీ చేశారు. ఆ తర్వాత ఇంకోసారి. అప్పుడు పైఅంతస్తు కిటికీలోంచి ఒక ముసలమ్మ కేకేసింది.

"డాక్టరుగారూ! మీరు పెట్టిన పన్ను రొట్టెముక్కతో పాటు ఊడొచ్చిందండోయ్!"

"రేపు రండమ్మా, అతికిస్తాను!"

"ముసలమ్మని ఎవరు పిలిచారోగానీ, బంగారం!" అని డైరెక్టరు గంతేశాడు. "ఇక ముద్దు పెట్టుకోండి!"

సరిగ్గా అప్పుడే ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లోంచి ఇంకో బూడిదరంగు కోటూ, ఇంకో ఎర్రకోటూ బయటికొచ్చాయి. "మమ్మల్ని పిలిచేదెప్పుడు? కాఫీ తాగి తాగి కడుపు ఉబ్బిపోయింది!"

డైరెక్టరు అన్సెల్మ్ వైపు తిరిగాడు. "మరి తమరెవరు?"

"పళ్ళ డాక్టర్నండీ."

"పోనీ, ఆవిడైనా మన మనిషేనా?"

"నేను బస్సు నడుపుతాను," అంది ఎర్రకోటావిడ. "సెలవురోజని ఇలా నడిచి పోతుంటే, మీ పిల్ల నన్నూ తోసింది."

అద్దెకు తెచ్చిన వానయంత్రం ఆపేశారు. గొడుగు ఎవరో లాక్కుపోయారు. అన్సెల్మ్ నాలుక మళ్ళీ పిడచకట్టింది. ఆవిడ వంతెన దిగిపోతోంది. దిగితే అంతే, పేరు కూడా తెలియదు. నాలుగడుగులు వేసి ఆవిడే వెనక్కి తిరిగింది.

"ఆ గడియారం మాట కల్పనేనా?"

"కొంత." అన్సెల్మ్ ఉల్లికాడలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నిజానికి అదీ ఆగిపోయిందండీ."

ఆవిడ పగలబడి నవ్వింది. "నన్ను ఒడిల్ అంటారు. ఆకలి దంచేస్తోంది. రండి, పక్కన కూర్చుందురుగాని."

మరుసటి వసంతంలో, పెళ్ళయిన కొత్తలో, ఇద్దరూ ఆ సినిమాకు వెళ్ళారు. ఐదే కథలున్నాయి. హాలు బయట కనిపించిన డైరెక్టరు నొచ్చుకుంటూ అన్నాడు.

"మీ ఇద్దరి సీను మాకందరికీ నచ్చిందండీ. మరీ అంత తేలిగ్గా ప్రేమలో పడతారంటే జనం నమ్మరని తీసేశాం."