గుర్రం నది దాటరాదు

మానవజాతి తేల్చుకోవలసిన ప్రశ్నలన్నింటిలోకీ ముఖ్యమైనది ఒకటే: కొత్త ప్రాసెసర్ బిగిస్తే 4కే అనే అతిస్పష్టమైన తెర మీద ఆట ఎంత వేగం పుంజుకుంటుంది? దీన్ని తేల్చే బాధ్యతను ఒక కంప్యూటర్ పత్రిక నాకు అప్పగించింది. (అప్పగించేదాకా నేనే వెంటపడ్డాను.)

ఆ రోజు నుంచి మా ముందుగది పరీక్షా మండలి కార్యాలయం. అధ్యక్షుణ్ణి నేనే, కార్యదర్శినీ నేనే. మా ఆవిడ, మా అమ్మాయి ఓటు హక్కు లేని సభ్యులు. గది వేడి మారకూడదు గనుక ఫ్యాన్ వెయ్యరాదు, కిటికీ తియ్యరాదు. మనిషి ఒంటికి కూడా వేడి ఉంటుంది కాబట్టి, సభ్యులు లోపలికి రాకపోవడమే శ్రేయస్కరం.

పరీక్షకు ఎప్పుడూ ఒకటే దృశ్యం. ఆటలో ఒక రౌతు గుర్రమెక్కి, కొండ దిగి, నది ఒడ్డుకు వస్తాడు. అక్కడ ఆపేసి, సెకనుకు ఎన్ని ఫ్రేములు వచ్చాయో పట్టికలో రాసుకుని, మళ్లీ కొండెక్కిస్తాను. పాత ప్రాసెసర్‌తో దింపాను. కొత్తది బిగించి దింపాను. గుర్రానికి దారి కంఠతా వచ్చేసి ఉంటుంది.

పరీక్ష ముగియగానే ఆట తనదేనని మా అమ్మాయికి మండలి మాట ఇచ్చింది. సెలవులు మొదలైన దగ్గర్నుంచీ ఆ పిల్ల గుమ్మంలోనే కూర్చుంది.

"నది అవతల ఏముంది నాన్నా?"

అది పరీక్ష పరిధిలోకి రాదని చెప్పాను. నిజానికి నాకూ తెలియదు. ఏళ్ల తరబడి ఆటలు పరీక్షిస్తున్నాను గాని, ఒక్కటీ ఆడి ఎరగను.

ఫలితం వచ్చింది. పాతదానికీ కొత్తదానికీ వెంట్రుకవాసి తేడా లేదు. 4కేలో భారమంతా బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మోస్తుంది. ప్రాసెసర్ తన కాస్త పనీ ముగించుకుని కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. బట్టలు మడతపెడుతున్న మా ఆవిడకు ఈ సంగతి విడమరిచి చెప్పాను.

"పనంతా ఒకరి నెత్తిన పడేశాక, పక్కన కూర్చున్నది పాతదైతేనేం, కొత్తదైతేనేం?" అంది, తలెత్తకుండా. (ఈ వాక్యాన్ని నా సమీక్షలో వాడుకున్నాను. ఆమె ప్రాసెసర్ గురించే అందని నమ్ముతున్నాను.)

తేడా కనిపించలేదంటే లోపం పరీక్షలోనే ఉండాలని మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. గుర్రం మళ్లీ కొండెక్కింది. అమ్మాయి ఏడుస్తుందేమోనని భయపడ్డాను. చెప్పులేసుకుని పై వాటాలో స్నేహితురాలింటికి వెళ్లిపోయింది. గది వేడి కూడా నిలకడగా ఉందని సంతోషించాను.

రెండోసారీ అదే ఫలితం. సెలవులు అయిపోవచ్చాయి. ఓటమి ఒప్పుకుని, ఇక వచ్చి ఆడుకోమని అమ్మాయిని పిలిచాను. ఆ ఆట తను ఎప్పుడో పూర్తి చేసేసిందట, పై వాటాలో. వాళ్ల కంప్యూటర్ నేనెరుగుదును, పాత సామాన్లవాడు కూడా ముట్టుకోడు. అందులో బొమ్మ ఎలా వస్తుందని అడిగాను. (వృత్తిధర్మం.)

"ఆగి ఆగి వస్తుంది నాన్నా. కానీ వాళ్లు ఆడనిస్తారు."

ఆడనివ్వడానికి మా పట్టికలో గడి లేదు.