స్టార్ట్ కాని కారుతో సుఖాలు

పాత కారు స్టార్ట్ కాకపోవడం రోగం కాదు, యోగం! నమ్మని వాళ్లు తాండూరు వచ్చి నన్ను చూడండి.

నేను వకీలును. జాగీర్లు పోయాక ఒక నవాబు సాబ్ వదిలించుకున్న విలాయతీ కారును నేను తగిలించుకున్నాను. అప్పటి నుంచి నా ఆరోగ్యం కుదుటపడింది. పొద్దున్నే ఇంజన్ ముందు హ్యాండిల్ తిప్పేవాడికి వేరే కసరత్తు ఎందుకు? పైగా ప్రమాదాల భయం లేదు. స్టార్ట్ కాని కారు ఎవరినైనా గుద్దిందని ఎప్పుడైనా విన్నారా?

విజ్ఞానం సంగతి చెప్పనే అక్కర్లేదు. నేను బానెట్ ఎత్తితే మా వీధి కాలేజీ అవుతుంది. దర్జీ భీమప్ప బ్యాటరీ అంటాడు. కిరాణా కరీముద్దీన్ ప్లగ్గు అంటాడు. నేను పుస్తకం చదివినవాణ్ని కాబట్టి కార్బురేటర్ అంటాను. ప్లగ్గు విప్పితే తడిగా ఉందా, పెట్రోలు వస్తోంది, నిప్పురవ్వ రావడం లేదు. పొడిగా ఉందా, పెట్రోలు చిమ్మే జెట్ అనే సన్నటి బెజ్జం మూసుకుపోయింది. నా ప్లగ్గు సగం తడి, సగం పొడి. దానికి పుస్తకంలో మందు లేదు.

మొన్న వానాకాలంలో రాళ్లు కొట్టే నర్సప్ప పరుగున వచ్చాడు. భార్య రుక్కమ్మకు నొప్పులు. కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది, వికారాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోవాలని మంత్రసాని వజీరాబీ చెప్పిందట. వీధిలో కారు ఉండగా దిగులెందుకన్నాను. రుక్కమ్మను వెనక సీట్లో పడుకోబెట్టారు.

చోక్ లాగాను. కారు దగ్గింది. మళ్లీ లాగాను. దగ్గడం కూడా మానేసింది. బానెట్ ఎత్తి, జెట్ విప్పి, నోటితో పీల్చి ఊదాను. పెట్రోలు నా గొంతులోకి పోయింది, ఇంజన్‌లోకి పోలేదు.

"వకీల్ సాబ్, కారు నాడి తర్వాత చూడున్రి," అంది వజీరాబీ. "గీ పిల్ల చేతులు సల్లబడుతున్నయ్."

"జెట్‌ల నలుసున్నదమ్మా, జర ఆగు."

"టేషన్‌కు రైలు వచ్చే యాళ్లయింది," అన్నాడు నర్సప్ప.

ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అడగలేదు. వీధంతా వెనక చేరి కారును స్టేషన్ దాకా తోసింది. నేను దర్జాగా స్టీరింగ్ తిప్పాను. అడ్డమొచ్చిన మేకల మీద హారన్ కొట్టాను. గట్టిగా మోగింది. పాపం, భీమప్ప బ్యాటరీ వాదన అక్కడే వీగిపోయింది.

రైలు అందింది. వికారాబాద్‌లో డాక్టరమ్మ తల్లినీ పిల్లనూ బతికించింది. ఆడపిల్ల.

వాళ్లు ఇల్లు చేరాక, ఆపద వేళ రోగులను తీసుకుపోవడానికి ఒక బండి ఇప్పించమని వీధంతా సర్కారుకు మొర పెట్టుకుంది. విచారణకు ఒక అధికారి జీపులో వచ్చాడు. మా అరుగు ముందు తళతళలాడుతున్న నా కారు దగ్గర ఆగాడు.

"ఎవరిదండీ ఇది?"

"నాదే సార్."

"బాగా నడుస్తుందా?"

వీధంతా నా నోటివైపు చూసింది. కారును ఒక పెద్దమనిషి మెచ్చుకోలుగా చూడడం అదే మొదలు.

"ఫస్ట్ క్లాస్ కండిషన్ సార్," అన్నాను.

"మరింకేం? ఇంత మంచి కారు ఉన్న వీధికి ఇంకో బండి ఎందుకు?" అని ఆయన జీపెక్కాడు. అది తాళం తిప్పగానే స్టార్ట్ అయింది.

జనం చెదిరిపోయారు. పసిపిల్లను ఎత్తుకున్న రుక్కమ్మ ఒక్కతే నిలబడింది.

"గీ కారుకేం రోగం లేదు సాబ్," అంది మెల్లగా, నన్నే చూస్తూ. ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు భీమప్ప కోడలు భాగమ్మకు నెలలు నిండాయి. భీమప్ప రోజూ పొద్దున్నే వచ్చి నా కారు టైర్లలో గాలి ఉందో లేదో నొక్కి చూసి పోతున్నాడు. ఇంజన్ సంగతి మాత్రం అడగడం లేదు.